బొటనవేలికి గడి లేదు

జిల్లా ఆసుపత్రి మగవాళ్ల వార్డులో హెడ్ నర్సు దీనమ్మకు ఇరవై తొమ్మిదేళ్లుగా ఒక దురలవాటు ఉంది. పొద్దున్న డ్యూటీకి రాగానే బ్యాగు బల్ల మీద పెట్టి, చేతులు కడుక్కుని, ఒకటో మంచం నుంచి ముప్పయ్యో మంచం దాకా నడుస్తూ ప్రతి రోగి కాలి బొటనవేలూ ఒకసారి పట్టుకుంటుంది. పట్టుకుని మొహంలోకి చూస్తుంది. నిద్ర పట్టిందా అనో, ఇడ్లీ తిన్నావా అనో ఒక్క ముక్క అడుగుతుంది. వాళ్లు చెప్పిన జవాబు కంటే చెప్పిన తీరు వింటుంది. వేలు చల్లగా ఉందా, కాలుతోందా, ఉబ్బిందా, పట్టుకోగానే చక్కిలిగిలి పుట్టి లాక్కున్నాడా, లాక్కునే ఓపిక కూడా లేక ఊరుకున్నాడా, అన్నీ ఆ ఒక్క క్షణంలో చూసుకుంటుంది. ముప్పై మంచాలకూ కలిపి పావుగంట పడుతుంది. తర్వాత డాక్టరుగారు వస్తే, "ముందు తొమ్మిదో నంబరు చూడండి సార్, తర్వాత ఇరవై రెండు" అంటుంది. ఈ ఇరవై తొమ్మిదేళ్లలో డాక్టర్లు చాలామంది మారారు గాని ఆ మాట తప్పయిన రోజులు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఇంత అశాస్త్రీయమైన పని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఇన్నేళ్లపాటు పట్టపగలు జరిగిందంటే, పైవాళ్లెవరూ అటువైపు రాకపోవడమే కారణం. చివరికి ఒకాయన వచ్చారు.

ఆయన పేరు విశ్వంభరరావు. కొత్తగా వేసిన నాణ్యతాధికారి. అంతకుముందు పద్దెనిమిదేళ్లు ధాన్యం గోదాముల్లో బియ్యం నాణ్యత చూశారు. బస్తాలోకి ఇనప గొట్టం గుచ్చి, గుప్పెడు గింజలు తీసి, నూక ఎంత, తేమ ఎంత, రాళ్లు ఎన్ని అని గళ్లలో రాసుకుంటే బస్తా సంగతి తేలిపోయేది. పద్దెనిమిదేళ్లలో ఒక్క బస్తా కూడా ఆయనకు ఎదురు చెప్పలేదు. మనిషి కూడా మూతి కట్టని బస్తాయేనని, తగిన చోట తగిన ప్రశ్న గుచ్చితే లోపలున్నదంతా బయటికొస్తుందని ఆయన గట్టి నమ్మకం. సూపరింటెండెంటు పరాంకుశం గారు ఆ నమ్మకాన్ని కళ్లకద్దుకున్నారు. రాజధాని నుంచి ఒక బృందం వచ్చి చూసి, అన్నీ బాగుంటే నాణ్యతా పత్రం ఇస్తుందట. అది అద్దం కట్టించి తన కుర్చీ వెనక మేకుకు తగిలించాలని ఆయన కోరిక. మేకు అప్పటికే కొట్టించారు.

నెల తిరక్కుండా సర్క్యులర్ వచ్చింది. రోగి సంరక్షణ ప్రక్రియను ప్రామాణీకరించు నిమిత్తం ఇకమీదట ప్రతి రోగికీ అంచనా, నిర్ధారణ, ప్రణాళిక, అమలు, మూల్యాంకనం అను ఐదు దశలు వరుసగా జరపవలెనని అందులో ఉంది. నర్సింగు స్కూల్లో దీనమ్మ కూడా ఈ ఐదే చదువుకుంది. ఆ రోజుల్లో అవి మనిషి తలలో, ఒక మంచం దగ్గర్నుంచి ఇంకో మంచానికి నడిచే లోపల జరిగిపోతుండేవి. అంత తొందరగా జరిగిపోయే పనికి సాక్ష్యం ఏముంటుంది? అందుకని అంచనా ఒక్కదానికే ఇరవై ఎనిమిది పేజీల పత్రం అచ్చువేయించారు. రెండు వందల పన్నెండు ప్రశ్నలు. చివరి పేజీలో మూడు సూత్రాలు లావుపాటి అక్షరాల్లో వేశారు. రాయనిది జరగలేదు అన్నది మొదటిది. ఒక దశ పూర్తికాకుండా తర్వాతి దశలో కాలుపెట్టరాదన్నది రెండోది. కంటితో చూసి, చేత్తో తాకి చేసే అంచనా కేవలం వ్యక్తిగత అభిప్రాయం కనుక దానికి అనుమతి లేదన్నది మూడోది.

నర్సులందరినీ మీటింగు హాల్లో కూర్చోబెట్టి విశ్వంభరరావు గారు శిక్షణ ఇచ్చారు. పత్రం నింపేటప్పుడు నర్సు చూపు పత్రం మీదే ఉండాలి. రోగి మొహం చూస్తే జాలి కలుగుతుంది, జాలి వల్ల గళ్లు తప్పుతాయి. గోదాములో తాను బస్తా మీద బొమ్మ ఏముందో ఎప్పుడూ చూడలేదని ఆయన ఉదాహరణ కూడా ఇచ్చారు. అందరూ రాసుకున్నారు. దీనమ్మ మాత్రం లేచి, రోగి మంచం మీద నుంచి పడిపోతుంటే ముందు పట్టుకోవాలా, పత్రం నింపాలా అని అడిగింది.

"మంచి ప్రశ్న సిస్టర్, కాని భావోద్వేగంతో కూడుకున్న ప్రశ్న" అన్నారాయన. "పతన ప్రమాద అంచనా తొమ్మిదో పేజీలో ఉంది. పదకొండు అంశాలు. అవి నింపితే ఆ రోగికి పడే ప్రమాదం ఉందో లేదో తేలుతుంది. తేలకముందే పట్టుకుంటే, పడబోతున్నాడని మీరు మనసులో ముందే అనుకున్నట్టు. దాన్నే మేము దురభిప్రాయం అంటాం."

ఆ మర్నాడు ఆయన వార్డుకొచ్చి దీనమ్మ బొటనవేళ్ల యాత్ర కళ్లారా చూశారు. ఈ క్రియకు పత్రంలో గడి ఎక్కడుందో చూపించమన్నారు. గడి లేదని దీనమ్మ ఒప్పుకుంది. సాయంత్రానికి మొదటి మెమో వచ్చింది.

తర్వాత మూడు వారాల్లో ఆసుపత్రి ఎంత ఎదిగిందో చెప్పడానికి చాలా పేజీలు కావాలి. ఒక్క రోగి అంచనాకు మూడున్నర గంటలు పట్టేది. వార్డుకు ముగ్గురు నర్సులు, ముప్పై మంది రోగులు. చిన్నప్పుడు మీకు ఇష్టమైన ఆట ఏది, నిద్రలో ఏ పక్కకు తిరుగుతారు, జీవితం పట్ల మీ దృక్పథం సానుకూలమా ప్రతికూలమా పాక్షికమా అని అడుగుతుంటే, కడుపునొప్పితో వచ్చినవాళ్లు కాసేపు నొప్పి మరిచిపోయి నోళ్లు తెరుచుకునేవాళ్లు. దీన్ని విశ్వంభరరావు గారు నొప్పి నివారణ ఫలితాల కింద నివేదికలో చేర్చారు. వీపు మీద సెగ్గడ్డతో వచ్చిన ఒకాయనకు పదిహేడో పేజీ దగ్గర గడ్డ దానంతటదే పగిలి మానిపోయింది. పోతానన్నాడు. అంచనాలో గడ్డ ఉంది, వీపు మీద లేదు. లేని గడ్డకు ప్రణాళిక వేయడం ఎలాగో తేలక ఆయన్ని పదకొండు రోజులు ఉంచేశారు. ఆసుపత్రి ఎదుటి జిరాక్సు షాపులో ఈలోగా నమూనా జవాబులు వెలిశాయి. ఊళ్లోవాళ్లు జ్వరం తగిలిందంటే ముందు అవి కొని, ఇంటి దగ్గరే బట్టీపట్టి వచ్చేవాళ్లు. వారం తిరిగేసరికి వార్డులో ముప్పై మందికీ చిన్నప్పుడు ఇష్టమైన ఆట గోళీలే అయిపోయింది. ఇంతటి ఏకరూపత గోదాముల్లో కూడా చూడలేదని విశ్వంభరరావు గారు పులకించిపోయారు.

అన్నిటికంటే చిక్కు తిండి దగ్గర వచ్చింది. రోగికి ఆహారం అందించుట అనేది అమలు దశలోని చర్య అని ఒక వివరణ పత్రం వచ్చింది. అంచనా, నిర్ధారణ, ప్రణాళిక అయ్యాకే అమలు. అంటే పొద్దున్న చేరినవాడికి సాయంత్రం దాకా టిఫిను లేదు. ఇంటివాళ్లు ఇడ్లీలు కొంగు కింద దాచుకుని తెచ్చి, దుప్పటి కప్పి తినిపించేవాళ్లు. ఒకాయన దాహం దాహం అంటుంటే అరవయ్యో ప్రశ్న రాకముందే దీనమ్మ మంచినీళ్లిచ్చింది. దానికి రెండో మెమో. మూడోదానికి సస్పెన్షన్ అని అందులోనే రాసి ఉంది.

ఆ కాగితం చదివినప్పుడు దీనమ్మకు నిజంగానే భయం వేసింది. పెళ్లయి వచ్చిన ఇల్లు మారింది, ఊరు మారింది, ఈ వార్డు మాత్రం మారలేదు. పొద్దున్నే లేచి ఎవరి వేలూ పట్టుకోకుండా రోజు ఎలా మొదలుపెట్టాలో ఆమెకు తెలియదు. ఇకమీదట నోరు మూసుకుని ఉండాలని నిర్ణయించుకుంది. బొటనవేళ్లు మాత్రం మానలేకపోయింది. విశ్వంభరరావు గారు పదింటికి గాని రారు కదా అని, ఏడున్నరకే వచ్చి దొంగతనంగా ముగించేది.

ఆ వార్డులోనే హేమలత అని కొత్త స్టాఫ్ నర్సు ఉంది. తెలివైన పిల్ల. ముత్యాల్లాంటి అక్షరాలు. అందరికీ మూడున్నర గంటలు పట్టే పత్రం తను రెండు గంటల్లో నింపేది, ఒక్క కొట్టివేత ఉండేది కాదు. రాజధాని బృందం వచ్చే రోజున, వాళ్ల ఎదుట ప్రత్యక్షంగా అంచనా చేసి చూపించే బాధ్యత ఆమెకే అప్పగించారు. మూడు రోజులు ఆమె అద్దం ముందు ప్రశ్నలు చదువుకుంది. పొరపాటున కూడా తల ఎత్తకుండా ఉండటం అలవాటు చేసుకుంది.

ఆ రోజు ఉదయం ఆరింటికి అత్యవసర విభాగంలో ఎరకయ్య చేరాడు. జనపనార మిల్లులో మగ్గం మీద పనిచేసే మనిషి, నలభై అయిదేళ్లుంటాయి. షుగరు వ్యాధి. ఎడమ మడమకు పుండు పడి చీముపట్టింది. అక్కడి డాక్టరు కుర్రాడు చేతికి సూది అమర్చి మందు ఎక్కించాడు, ఏడింటికి ఇన్సులిన్ ఇప్పించాడు, అరగంటలో టిఫిను తినిపించండి అని చీటీ రాసి వార్డుకు పంపాడు. చూడటానికి సవ్యంగానే ఉంది. ఇన్సులిన్ అత్యవసర విభాగం పరిధిలోది, అక్కడికి పత్రం వర్తించదు. ఉప్మా వార్డు పరిధిలోది, ఇక్కడ వర్తిస్తుంది. చక్కెర దించే పనికి ఏ అడ్డూ లేదు, ఎక్కించే పనికి మూడు దశలు అడ్డం.

పద్నాలుగో మంచం మీద ఎరకయ్యను పడుకోబెట్టి, పక్కన అల్మరా మీద ఉప్మా ప్లేటు మూతపెట్టి ఉంచారు. కొత్తగా చేరిన రోగి, ఒక్క గడి కూడా నిండలేదు. బృందానికి చూపించడానికి ఇంతకంటే మేలైన సరుకు దొరకదని విశ్వంభరరావు గారు సంతోషించారు. ఆ రోజు ఆయన కూడా ఏడున్నరకే వచ్చారు, దాంతో దీనమ్మకు వేళ్లు పట్టుకునే అవకాశం లేకపోయింది. చీటీ మాత్రం చదివింది. విశ్వంభరరావు గారి దగ్గరికి వెళ్లి, ఇన్సులిన్ పడిందండీ, ఈ మనిషి వెంటనే తినాలి అని మెల్లగా చెప్పింది.

"తింటాడు సిస్టర్" అన్నారాయన ఆప్యాయంగా. "అమలు దశలో మొట్టమొదటి అంశమే ఆహారం. నేనే పట్టుబట్టి పైకి తెప్పించాను. మీరు మాత్రం దయచేసి ఇటు రాకండి."

దీనమ్మను వార్డు చివర, దుప్పట్ల బీరువా పక్కన రిజిస్టరు ఇచ్చి నిలబెట్టారు. ఎరకయ్య భార్య అసిరమ్మను కూడా అక్కడికే పంపించేశారు. ఇంటివాళ్లు పక్కనుంటే జవాబులు కలుషితమవుతాయట.

ఎనిమిదింటికి వస్తామన్న బృందం తొమ్మిదిన్నరకు వచ్చింది. ముగ్గురు మనుషులు, మూడు పూలగుత్తులు. వాళ్లు కుర్చీల్లో కూర్చున్నాక హేమలత పత్రం తెరిచి, చూపు దించి, మొదటి ప్రశ్న అడిగింది. పేరు ఎరకయ్య అన్నాడు. వయసు, ఊరు, మిల్లు పేరు అన్నీ సరిగ్గానే చెప్పాడు. ముప్పయ్యో ప్రశ్నకు ఆవలింతలు మొదలయ్యాయి. యాభయ్యో ప్రశ్నకు విసుక్కున్నాడు. హేమలత విసుగు గడిలో టిక్కు పెట్టింది. నుదుటి మీద చెమట ధారగా కారుతుంటే బృంద నాయకుడు గమనించి, గదిలో ఉక్కగా ఉన్నట్టుంది అన్నాడు. పరాంకుశం గారు పరిగెత్తినట్టే వెళ్లి ఫ్యాను పెంచారు. గది ఉష్ణోగ్రత అధికం అని హేమలత రాసింది.

డెబ్భై నాలుగో ప్రశ్న, భార్య పేరు.

ఎరకయ్య కాసేపు పైకప్పు వైపు చూసి, "గౌరి" అన్నాడు.

వార్డు చివర అసిరమ్మ దీనమ్మ చెయ్యి పట్టుకుంది. "గౌరేటి సిస్టరమ్మా? గౌరి మా గేది. పోయినేడు సచ్చిపోనాది. మాయన అలాగనేస్తన్నాడేటి?"

మంచి మనిషి మాట తేడాగా మాట్లాడుతున్నాడంటే, చెమట పడుతోందంటే, పొద్దున ఇన్సులిన్ పడి ఉప్మా ప్లేటు మూత తియ్యకుండా ఉందంటే, ఏం జరుగుతోందో దీనమ్మకు తెలుసు. ఇక్కడ్నుంచి పద్నాలుగో మంచానికి ఇరవై అంగలు. మధ్యలో విశ్వంభరరావు గారు చేతులు కట్టుకుని నిలబడ్డారు. దీనమ్మ మెమో గుర్తు తెచ్చుకుని, రిజిస్టరు గట్టిగా పట్టుకుని నిలబడిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు అలా నిలబడిపోయినందుకు తనను తాను తిట్టుకుంది.

అక్కడ అంచనా జోరుగా సాగుతోంది. పిల్లలెంతమంది అంటే పదకొండు అన్నాడు ఎరకయ్య. హేమలత పదకొండు అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ రాసింది. ఇష్టమైన ఆట ఏదంటే రైలు అన్నాడు. జీవితం పట్ల దృక్పథం అడిగితే పెద్దగా నవ్వాడు. సానుకూలం గడిలో టిక్కు పడింది. రోగి ఎంత స్వేచ్ఛగా స్పందిస్తున్నాడో చూశారా, గోళీలు కాకుండా వేరే జవాబు ఇవాళే మొదటిసారి వినడం అని విశ్వంభరరావు గారు బృందం చెవిలో వేశారు. నూట ముప్పయ్యో ప్రశ్న దాటాక ఎరకయ్య మాటలు ముద్దగా పడుతున్నాయి. నూట నలభై రెండుకు జవాబే రాలేదు. జవాబు రానప్పుడు వేయాల్సిన గీత ఉంది, హేమలత అది వేసింది. కాని ఆ గీత వంకర పోయింది. ముత్యాల అక్షరాల పిల్ల చేతిలో మొదటి వంకర గీత.

అసిరమ్మ ఇక ఆగలేకపోయింది. "పొద్దున్నించి ఏటీ తిన్నేదమ్మా. ఒల్లంతా సెమట పట్టీసింది, ఇక్కడికి అగుపిస్తంది. నీకు అగుపించట్లేదేటి?"

దీనమ్మ రిజిస్టరు బీరువా మీద పెట్టి నడిచింది. ఎవరి మొహమూ చూడలేదు. పద్నాలుగో మంచం దగ్గర ఆగి, దుప్పటి తొలగించి, కట్టు లేని కుడికాలి బొటనవేలు పట్టుకుంది. చల్లగా, తడిగా ఉంది. వెనక్కి లాక్కోలేదు.

"షుగర్ పడిపోయింది సార్. ఇది ఆపాలి."

"ఏ పేజీ ఆధారంగా చెబుతున్నారు?" అన్నారు విశ్వంభరరావు గారు, బృందం వైపు చూసి నవ్వుతూ.

"వేలు ఆధారంగా."

"సిస్టర్, మనం నూట నలభై మూడు దగ్గరున్నాం. రక్తంలో చక్కెర గురించిన ప్రశ్న నూట తొంభై ఒకటి. ఇంకొక్క గంటలో అక్కడికి చేరుకుంటాం. చేరాక దాని సంగతి ఎలాగూ తేలుతుంది."

దీనమ్మ ఆ మాట చెవిన పెట్టలేదు. జేబులోంచి మీటరు తీసి ఎరకయ్య వేలికి గుచ్చింది. ముప్పై నాలుగు. ట్రేలోంచి గ్లూకోజు తీసి, చేతికున్న సూదిలోంచి మెల్లగా, తొందరపడకుండా ఎక్కించడం మొదలుపెట్టింది. వెనక నుంచి ఉల్లంఘన అనీ, బేఖాతరు అనీ, గౌరవనీయ బృందం సమక్షంలో అనీ మాటలు వినపడుతున్నాయి. ఆమె ఎరకయ్య కళ్లనే చూస్తోంది. లోపల మాత్రం దేవుణ్ణి అడుగుతోంది, ఆలస్యం నాదే ప్రభువా, వీడిది కాదు అని.

నాలుగు నిమిషాల తర్వాత ఎరకయ్య కనురెప్పలు కదిలాయి. చుట్టూ చూశాడు. కుర్చీల్లో ఉన్న పెద్దమనుషుల్ని, పూలగుత్తుల్ని చూసి సర్దుకుని లేవబోయాడు. చివరికి హేమలత వైపు తిరిగి, "ఏటో అడుగుతున్నావు కదమ్మా. పేరు ఎరకయ్య. ఆకలేస్తంది" అన్నాడు.

హేమలత అప్పుడు తల ఎత్తింది. పొద్దున్న చేరిన మనిషి మొహం మొదటిసారి చూసింది. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లున్నాయి. దీనమ్మ ఉప్మా మూత తీసి ప్లేటు ఎరకయ్య ఒళ్లో పెట్టింది. అది పూర్తిగా చల్లారి గట్టిపడింది. అతను మాత్రం ఆవురావురుమని తిన్నాడు.

బృందం కాసేపు గుసగుసలాడుకుంది. తర్వాత నాయకుడు గొంతు సవరించుకుని, ఇప్పుడు జరిగినదానికి పత్రంలో గడి ఉందా అని అడిగాడు. లేదని విశ్వంభరరావు గారు చెప్పారు. "అయితే నూట నలభై మూడు నుంచి కానివ్వండి" అన్నాడు నాయకుడు.

హేమలత కానిచ్చింది. పన్నెండున్నరకు రెండు వందల పన్నెండో ప్రశ్న అయింది. బృందం ముగ్గురూ, విశ్వంభరరావు గారూ కలిపి నలుగురు సంతకాలు చేశారు.

వారం రోజులకు నాణ్యతా పత్రం వచ్చింది. నూటికి నూరు మార్కులు. పరాంకుశం గారి మేకుకు ముక్తి కలిగింది. పద్నాలుగో మంచం పత్రం చివర, మూల్యాంకనం అన్న చోట, రోగి కోలుకున్నాడు, కారణం సమగ్ర అంచనా అని టైపు చేసి అతికించారు.

ఆ మర్నాడే దీనమ్మ మీద విచారణ పెట్టారు. మూడు దశలు దాటవేసి నేరుగా అమలుకు పాల్పడినందుకు అభియోగం. విశ్వంభరరావు గారు చదివి వినిపించి, ఏం చెప్పుకుంటారని అడిగారు. దీనమ్మ రాత్రంతా ఆలోచించుకుని వచ్చిన మాట ఒక్కటే చెప్పింది.

"నేను గ్లూకోజు ఇచ్చినట్టు ఎక్కడైనా రాసి ఉందా సార్?"

పత్రం ఇరవై ఎనిమిది పేజీలూ తిరగేశారు. లేదు. ఇప్పుడు రాద్దామంటే, రోగి నూట నలభై రెండో ప్రశ్న దగ్గర స్పృహ తప్పాడని కూడా రాయాలి. అది రాస్తే నలుగురి సంతకాలు, నూరు మార్కులు, మేకు మీద అద్దం అన్నీ కదులుతాయి. పరాంకుశం గారు పెద్ద బరువు దిగినట్టు, "రాయలేదు కనుక జరగలేదు" అన్నారు.

"జరగలేదు, ఒప్పుకుంటున్నాను" అన్నారు విశ్వంభరరావు గారు. ఆయన తర్కానికి ఎదురులేదు. "ఏమీ జరగలేదంటే, ఆ రోజు ఉదయం నుంచి మధ్యాహ్నం వరకు ఈమె ఏ పనీ చేయకుండా బీరువా పక్కన నిలబడ్డట్టు. అంతేకాదు. ఇరవై తొమ్మిదేళ్లుగా ప్రతి ఉదయం ముప్పై మందిని పరీక్షిస్తున్నానంటారు. దానికి ఒక్క అక్షరం సాక్ష్యం ఉందా? లేదు. అంటే అది కూడా జరగలేదు. రాతపని అలవాటు లేనివారిని రాతపని ఉన్నచోట ఉంచడమే న్యాయం."

అలా దీనమ్మను రికార్డు గదికి బదిలీ చేశారు. ఆసుపత్రి వెనక, శవాల గది దాటాక ఉంటుంది. అక్కడ రోగులు ఉండరు. అన్నీ నిండిన పత్రాలే.

వార్డులో ఆమె చివరి రోజే ఎరకయ్య ఇంటికి వెళ్లే రోజు కూడా అయింది. మడమ పుండు మానుముఖం పట్టింది. పంపించే చోట గుమాస్తా పత్రం చూసి, ఇతన్ని భార్య గౌరికి మాత్రమే అప్పగించాలి అన్నాడు. రికార్డులో ఆ పేరే ఉంది, నలుగురు పెద్దల సంతకాలున్నాయి, కొట్టివేతకు వీల్లేదు. పిల్లలు కూడా పదకొండు మంది ఉండాలి గాని వాళ్లు రాకపోయినా సర్దుకుంటానన్నాడు. దీనమ్మ కల్పించుకోబోయింది. అసిరమ్మ ఆమెను వారించి, గుమాస్తా ముందుకు వెళ్లి బొటనవేలు చాపింది.

"నానే గౌరిని బాబూ. సిరా రాసీ. గేదినైనా అవుతాను, నా మనిసిని నాకిచ్చీ."

గుమాస్తా సిరా రాశాడు. గౌరి వేలిముద్ర అని రాసుకుని సంతృప్తిగా మనిషిని అప్పగించాడు. గేటు దాకా వెళ్లాక అసిరమ్మ వెనక్కి వచ్చి, సిరా అంటిన వేలితోనే దీనమ్మ చేతులు పట్టుకుని ఏడ్చింది. దీనమ్మ కూడా ఏడ్చింది.

మర్నాటి నుంచి ఆమె దారి వార్డు లోపలికి కాదు, వార్డు కిటికీల పక్క నుంచి. మొదటి వారం తల తిప్పకుండా నడిచింది. ఈలోగా రాజధాని నుంచి ఇంకో సర్క్యులర్ దిగింది. బృంద నాయకుడికి ఆ రోజు చూసింది మనసులోంచి పోలేదేమో, పాదాంగుష్ఠ స్పర్శ విధానం అని ఒక నూతన ప్రక్రియ కనిపెట్టాడు. తాకడానికి ముందు పదహారు పేజీల పత్రం నింపాలి. ఇందులో శిక్షణ పొందిన ధ్రువపత్రం లేనివాళ్లు రోగి పాదాన్ని తాకరాదు. దీని మీద ఉపన్యాసం ఇవ్వడానికి విశ్వంభరరావు గారు రాజధాని వెళ్లారు.

ఆ ఉదయం ఏడున్నరకు దీనమ్మ కిటికీ పక్క నుంచి వెళుతూ, లోపల ఏదో కదిలినట్టుంటే ఆగి చూసింది. హేమలత ఒకటో మంచం దగ్గర నిలబడి ఉంది. పత్రాల కట్ట బల్ల మీదే ఉంది. కలం జేబులో ఉంది. ఆ పిల్ల అటూ ఇటూ చూసి, వంగి, ముసలాయన బొటనవేలు పట్టుకుని మొహంలోకి చూసింది. రెండో మంచం దగ్గరా అంతే. మూడో మంచం రోగి ఉలిక్కిపడి కాలు లాక్కుని, "ఇదేటమ్మా కొత్తగా? ఇదీ రాస్తావేటి?" అని అడిగాడు.

"లేదు తాతా, రాయను" అంది హేమలత, నాలుగో మంచం వైపు నడుస్తూ.